కుక్క బిస్కెట్ల మిషన్

పొద్దుటి నుంచి ముసురు. గని వర్క్‌షాపులో ఫిట్టరైన స్తెఫనుకు ఆ రోజు సెలవు. మిగిలిపోయిన అన్నం, కూరలను కుక్క బిస్కెట్లుగా మార్చే మిషన్‌ను నాలుగు నెలలు పెరటి షెడ్డులో తయారుచేసి, ఇవాళ వంటింట్లో బిగించాడు.

సరిగ్గా కుదిరిన మొదటి బిస్కెట్‌ను వాకిట్లో కుక్కకు వేశాడు. అది ఆవురావురుమని తిన్నది.

"పాసైంది" అన్నాడు.

"గోదావరిఖనిల కుక్కల కష్టాలన్నీ తీరినయ్ పో" అని భార్య సువార్త నవ్వింది. "గానీ మనింట్ల మెతుకు మిగలదు గదయ్యా. ఇన్ని రోజులు దీంట్ల ఏం పోసినవ్?"

"నువ్వు కట్టే డ్యూటీ డబ్బా" అన్నాడు స్తెఫను హుషారుగా. "నేను క్యాంటీన్‌ల తింటున్న. మిషన్ ట్రయల్‌కు రోజూ సరుకు ఉండాలె గద."

డబ్బా ఖాళీగా వస్తున్నదంటే వంట నచ్చుతోందనుకుని, సువార్త ఈ నాలుగు నెలలూ తెల్లవారకముందే లేచి రోజుకో కూర వండింది.

"మంచిది. నా వంట మెచ్చినోళ్లు ఒక్కరన్న దొరికిన్రు" అంది.

రెండు గంటల బస్సుకు సువార్త కమాన్‌పూర్‌లోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. బిస్కెట్లు అయిపోయాక, ఐదింటికి కుక్క వెళ్లింది.