ఆడి అమావాస్య బండి

"కొత్తది వద్దు నాయనా. పోయిన ఆడి అమావాస్య పొద్దు తయారైన బండి కావాల," అంది చంద్రకాంతమ్మ.

తిరుపతి షోరూములో కార్లు అమ్మే ప్రతాప్ రాయడం ఆపి ఆమెను మళ్ళీ చూశాడు. నూలు చీర, నుదుట చిన్న బొట్టు. పక్కన ఆమె భర్త మునిరామయ్య. కార్వేటినగరంలో మామిడితోట ఉందనీ, ఇంట్లో ఎవరికీ డ్రైవింగు రాదనీ రాగానే చెప్పారు.

"అది పోయిన సంవత్సరం బండి అయిపోతాదమ్మా. జనవరిలో కొనేవాళ్ళు జనవరిలో తయారైందే కావాలని మాతో కొట్లాడతారు. ఈరోజు బుక్ చేస్తే ఫ్యాక్టరీవాళ్ళు మీకోసమే తయారుచేసి పంపిస్తారు. వచ్చే నెలాఖరుకు మీ ఇంటి ముందర ఉంటాది."

"ఇప్పుడు తయారయ్యేది మాకెందుకప్పా?" అన్నాడు మునిరామయ్య. "తడ దాటినాక ఉండే ఫ్యాక్టరీదే గదా ఈ బండి?"

"అవును."

"అయితే ఇదే రకం. ఆ పొద్దుదే కావాల. రంగు ఏదైనా సరే."

 ప్రతాప్ రాహుకాలం దాటేదాకా తాళాలు ముట్టుకోనివాళ్ళను చూశాడు. ఆషాఢం, అంటే ఆడి నెల శుభం కాదని ఎవరూ బండ్లు కొనక, ఆ నెలంతా ఈగలు తోలుకుంటూ కూర్చునే షోరూము అది. అమావాస్య బండిని కోరి అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

లోపలికి వెళ్ళి మేనేజరు సుందరరాజుకు చెప్పాడు. ఆయన కంప్యూటర్లో వెతికి చూసి చప్పట్లు కొట్టాడు.

"తడ యార్డులో పడి ఉండాదే, ఆ తెల్లది! ఆ పొద్దుదే. ముందు దాన్ని వదిలించు సామీ."

దాని సంగతి ప్రతాప్ మరిచిపోలేదు. ఆ తెల్ల బండిని అంతకుముందు ఇద్దరు బుక్ చేసుకుని, ఒకసారి నడిపి చూసి వద్దన్నారు. లోపల ఎవరో ఉండి తట్టినట్టు వెనక ఎడమ తలుపులోంచి చప్పుడు వస్తుంది. మెకానిక్కులు తలుపు విప్పి చూశారు. వదులైన మర ఒక్కటీ దొరకలేదు.

మేనేజరు వద్దని సైగ చేస్తున్నా వినకుండా ప్రతాప్ బయటికి వచ్చి ఉన్న మాట చెప్పేశాడు.

"బండి ఉండాదమ్మా. కానీ వెనక తలుపు చప్పుడు చేస్తాది. ఎందుకో మాకే తెలీదు."

"ఏ పక్క తలుపు?"

"ఎడమ పక్క."

చంద్రకాంతమ్మ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అదే ఇప్పించు నాయనా," అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక ప్రతాప్‌కు పని మీద మనసు నిలవలేదు. కార్వేటినగరం పాత కోట దగ్గర నిధుల కోసం ఎవరెవరో గుంతలు తవ్వుతున్నారనీ, అమావాస్యకు పూజలు చేస్తున్నారనీ అతను వినివున్నాడు. అమావాస్య బండి. డ్రైవింగు రాని మనుషులు. వీళ్ళు దీంట్లో ఏం తీసుకుపోతారు? ఎవరిని?

బండి తీసుకునే రోజు భార్యాభర్తలిద్దరే వచ్చారు. ప్రతాప్ మిఠాయి పెట్టె అందించబోతే చంద్రకాంతమ్మ తల అడ్డంగా ఊపింది. "ఈ ఏడాది మేం తీపి ముట్టకూడదు." పూలదండ వద్దన్నారు. కొబ్బరికాయ కొట్టనివ్వలేదు. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలను మునిరామయ్య వంగి తీసేశాడు.

"దిష్టి తీయొద్దప్పా. దీంట్లో ఉండేది ఉండనీ."

 బండిని ఊరు చేర్చాల్సింది ప్రతాపే. వాళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ఆమె కావాలనే ఎడమవైపు ఎక్కింది.

పుత్తూరు దాటారు. దారికి రెండు పక్కలా మామిడితోటలు మొదలయ్యాక చప్పుడు వచ్చింది.

టక్. టక్.

ప్రతాప్ అద్దంలోకి చూశాడు. చంద్రకాంతమ్మ తలుపుకు చెవి ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. ముఖంలో భయమనేది లేదు. మెల్లగా వేలు మడిచి తలుపు మీద తిరిగి రెండుసార్లు తట్టింది.

చప్పుడు ఆగింది.

ఆమె మళ్ళీ తట్టింది. ఈసారి లోపలినుంచి ఒక్కటే వచ్చింది, చాలా మెత్తగా.

ప్రతాప్ బండిని రోడ్డు పక్కకు లాగి ఆపి, కిందికి దూకినంత పని చేశాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"నాకు నిజం చెప్పండి. లేకుంటే ఈడినుంచే పోలీసులకు ఫోన్ చేస్తా. ఏం చేయబోతారు ఈ బండితో? ఏం పూజలు చేస్తారు?"

మునిరామయ్య కిటికీలోంచి అతని వైపు జాలిగా చూశాడు.

"పూజలు యాడివప్పా? ఇంటి ముందర నిలబెట్టుకుంటాం. పొద్దునా సాయంత్రం ఈమె లోపల కాసేపు కూర్చుంటాది. అంతే."

"అంతేనా? మరి అమావాస్య బండే ఎందుకు? ఆ ఫ్యాక్టరీలో రోజూ వందల బండ్లు తయారవుతాయి గదా!"

మునిరామయ్య ముఖం తిప్పుకున్నాడు.  దూరంగా తోటలో ఎవరో ఎవరినో కేకేసి పిలుస్తున్నారు. చంద్రకాంతమ్మ తలుపు మీదనుంచి చెయ్యి తీయకుండానే చెప్పింది.

"ఆ పొద్దు ఫ్యాక్టరీలో ఈ పక్క తలుపులు బిగించి డ్యూటీ దిగిన మా కొడుకు, ఇంటికి రాకనే కన్నుమూసినాడు నాయనా."