లేవని ఓనర్

ఇన్‌స్పెక్టర్ కారు దిగి షెడ్డులోకి వచ్చాడు. ఫణికృష్ణ కుర్చీలోంచి లేవలేదు.

గమ్ము పూస్తున్న పన్నెండు మంది ఆడవాళ్ళ చేతులూ ఒక్కసారే ఆగిపోయాయి. ఫణికృష్ణ లేవకపోవడమా! మార్కాపురంలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషికి కూడా లేచి నిలబడే రకం అతను. తాతల నాటి వ్యాపార కుటుంబం. గడప ఎవరు తొక్కినా లేచి రమ్మనడం ఆ ఇంట్లో పిల్లలకు నడకతో పాటే వస్తుంది.

పైగా వచ్చినాయన సరుకు తనిఖీ చేసే విశాఖపట్నం ఓడల కంపెనీ ఇన్‌స్పెక్టర్. ఓడల్లో చేపలు దాచే చల్లటి గదులుంటాయి. ఆ గదుల గోడలకు వాడే ప్లైవుడ్ పలకలకు ఫోము అంటించి పంపడం ఫణికృష్ణ కాంట్రాక్టు. మూతబడిన రాతిపలకల ఫ్యాక్టరీ షెడ్డు అద్దెకు తీసుకుని, అక్కడ ఒకప్పుడు బడిపిల్లల పలకలకు చట్రాలు బిగించిన ఆడవాళ్ళనే పనిలో పెట్టుకున్నాడు. వాళ్ళలో ఒక్కరూ ఓడను చూడలేదు. వాళ్ళు చూసిన పెద్ద నీళ్ళు కంభం చెరువే. అయినా ఓడ మునిగినా గోడ ఊడనంత గట్టిగా అంటిస్తారు.

చిక్కంతా ఫణికృష్ణతోనే. పోయినసారి ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు కొబ్బరిబోండాం ఒక చేత్తో, విసనకర్ర ఒక చేత్తో పట్టుకుని ఆయన వెనకే తిరిగాడు. ఇంత మర్యాద చేస్తున్నాడంటే ఏదో దాస్తున్నాడని ఆయనకు అనుమానం వచ్చింది. రెండు వందల పలకలూ లాగి చూశాడు. మూడింటికి ఫోము ఊడొచ్చింది. లోడు మొత్తం వెనక్కి కొట్టాడు.

ఆ మూడూ ఫణికృష్ణ స్వహస్తాలతో అంటించినవే. గమ్ము పూశాక కాసేపు ఆగాలి. వేలితో తాకి చూసి, అప్పుడు అతికించాలి. "ఆగయ్యా, ఇంకా ఆరలా" అని పెద్దమేస్త్రీ వెంకటసుబ్బులమ్మ మొత్తుకుంటూనే ఉంది. అతనికి అంత ఓపికెక్కడిది!

ఈసారి కూడా కాదంటే ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది. షెడ్డుకు తాళం. పన్నెండు ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టం.

అందుకే నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర అతని తండ్రి శేషగిరిరావు కొడుకును ఉతికి ఆరేశాడు.

"ఏందిరా నీ వాలకం? అట్ల వంగి వంగి దండాలు పెడితే దొంగసరుకు అనుకోడా? రేపు ఆయన వస్తే లేచినావంటే నా మీద ఒట్టే. కూర్చున్నచోటే కూర్చో."

"మర్యాద కాదు గదా నాయనా?"

"నీ మర్యాదతోనే లోడు వెనక్కి వచ్చింది గదరా!"

ఇవాళ గుమ్మం పక్కన ఫోము మూటల మీద కూర్చుని ఆ తండ్రి అంతా చూస్తున్నాడు. కొడుకు పొద్దున తొమ్మిదింటి నుంచీ ఆ ఇనుప కుర్చీలోనే ఉన్నాడు. టీ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. పట్టుదలంటే అదీ అని ఆయన మురిసిపోతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ముందు నిలబడ్డాడు. "సరుకు చూపించరా?"

ఫణికృష్ణ నుదుటి మీద చెమట. రెండు చేతులూ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

"మీరే చూడండి సార్. సుబ్బులమ్మక్క ఉంది. మధ్యలో నేనెందుకు?"

వెంకటసుబ్బులమ్మ పలకల వైపు దారి చూపింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వెంట వెళ్ళి ఒక పలకకు ఉన్న ఫోము పట్టి లాగాడు. ఫోము చినిగింది గానీ అతుకు ఊడలేదు. అట్లాగే ఉండాలి కూడా. రెండోదీ అంతే. పదోదీ అంతే. ప్రతిసారీ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఫణికృష్ణ కుర్చీలోనే ఉన్నాడు. పదకొండోది ముట్టుకోకుండా చేతులు దులుపుకున్నాడు.

తిరిగొచ్చి, కాగితం మీద సంతకం చేసి, నాలుగడుగుల దూరం నుంచి చెయ్యి చాచాడు. ఫణికృష్ణ కూడా చెయ్యి చాచాడు. అందలేదు. అయినా లేవలేదు. చివరికి ఇన్‌స్పెక్టరే నాలుగడుగులు వేసి కాగితం అందించాడు.

ఆడవాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నానండీ. నన్ను చూసి లేవని మనిషి మీరొక్కరే. సరుకు మీద ఇంత నమ్మకం ఉన్నవాణ్ణి నేను చూడలేదు. ఏడాది మొత్తానికీ ఆర్డరు మీకే రాయిస్తాను."

కారు విశాఖపట్నం దారి పట్టింది. షెడ్డంతా కేకలు. వెంకటసుబ్బులమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. శేషగిరిరావు పరుగున వచ్చి కొడుకు భుజం తట్టాడు.

"శభాష్‌రా! నా పరువు నిలబెట్టినావు. లెయ్యి, ఇంటికి పోదాం. మీ అమ్మ పాయసం చేసింది."

ఫణికృష్ణ అటూ ఇటూ చూసి తండ్రి చెవి దగ్గర గొణిగాడు.

"ఆడోళ్ళను బయటికి పంపించి ఒక కత్తెర, ఒక పంచె తీసుకురా నాయనా, ఆ సారుకు మెత్తగా ఉండాలని పొద్దున ఈ కుర్చీకి ఫోము వేయబోయి, గమ్ము పూసిన సంగతి మర్చిపోయి కూర్చున్నా."