నడిసముద్రానికి ఒక దరఖాస్తు

కౌంటర్ మీద స్టీలు డబ్బా టక్కుమని పెట్టాడతను.

"ఏంటిది?" అన్నాడు సువార్తరావు, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

"అస్థికలు సార్."

సువార్తరావు కుర్చీ రెండడుగులు వెనక్కి జరిగింది.

దోహా ఓడరేవులో విహార నౌకల పనులు చూసే ఏజెన్సీ ఆఫీసు అది. వరల్డ్ కప్పు దగ్గరపడేకొద్దీ నౌకలు పెరిగాయి, సువార్తరావుకు చిరాకూ పెరిగింది. కోనసీమ మనిషి, డిగ్రీ చదివినవాడు, మెడలో కార్డు ఉన్నవాడు. క్యాంపు కూలీలంటే ఆయనకు ఒళ్ళుమంట.

"నా పేరు జలంధర్ సార్. మెసైమీర్ క్యాంప్. మా గంగాప్రసాదన్న గుండె ఆగి సచ్చిపోయిండు. ఊర్ల దహనం జేసిన్రు. ఈ బూడిద నడిసముద్రంల కలపాలె. కాయితాలిస్తే షిప్పోళ్లే కలుపుతరట గద."

"ఇండియా నుంచి మోసుకొచ్చావా? అక్కడ గోదావరి ఎండిపోయిందా?"

"సగం ధర్మపురిల కలిపినం సార్. సగం ఈ నీళ్ళల్లనే కలుపుమన్నడు. ఈడ ఆయన మనుషులున్నరట."

"సముద్రంలోనా? మనుషులా, చేపలా?"

తన మాటకు తనే నవ్వుకున్నాడు సువార్తరావు. తలుపు దగ్గర సెక్యూరిటీ ఫసీయుద్దీన్ మాత్రం నవ్వలేదు.

నిజానికి ఇదేం కాని పని కాదు. కిందటి నెలలో ఒక జర్మన్ ముసలావిడ భర్త బూడిదకు పూలు కూడా ఈయనే తెప్పించి మరీ పంపాడు. ఆవిడ టికెట్టు కొన్న మనిషి మరి.

"స్టీలు డబ్బా పనికిరాదు. నీళ్ళలో కరిగేది కావాలి. పో."

మర్నాడు జలంధర్ ఒక మట్టి ముంతతో వచ్చాడు. కాల్చని పచ్చి మట్టి. చేత్తోనే చేసుకున్నట్టున్నాడు, మూతి వంకరగా ఉంది.

"సర్టిఫికెట్లేవీ?"

ఆ మర్నాడు అవీ తెచ్చాడు. చావు సర్టిఫికెట్టు, దహనం చేసినట్టు పంచాయతీ కాగితం, చనిపోయినవాడి అన్న వేలిముద్ర వేసిన ఒప్పుకోలు.

ఇంకేం వంక దొరుకుతుందా అని ఫారం అంతా వెతికాడు సువార్తరావు. దొరికింది.

"అన్న ఒప్పుకుంటే చాలదు, దరఖాస్తు పెట్టేవాడు చుట్టమై ఉండాలి. బంధుత్వం అన్న గడి ఖాళీగా ఉంది. నీకు ఏమవుతాడు?"

"ఏం కాడు సార్. రూమ్‌ల పక్క మంచం."

"పక్క మంచాలకు ఇక్కడ హక్కుల్లేవు. చుట్టాలుంటే చూపించు, లేదంటే మళ్ళీ రాకు."

శుక్రవారం పొద్దున్నే జలంధర్ భుజాన బ్యాగుతో వచ్చాడు. ముంతనూ, ఉబ్బిన కవరునూ కౌంటర్ మీద పెట్టాడు.

"ఆయన సుట్టాల పేర్లు ఈ కవర్ల ఉన్నయ్ సార్. ఆ గడిల పట్టలె. స్టేడియం పని అయిపోయింది, కంపెనీ మమ్ముల ఇంటికి తోలుతుంది. మూడింటికి నా ఫ్లైట్. మీ షిప్పు సాయంత్రం గద. ఒక్కపారి సదివి సూడున్రి."

"అక్కడ పెట్టు. యల్లా, ఇక కదులు."

జలంధర్ ముంతను రెండు చేతులా ముట్టి కళ్ళకద్దుకున్నాడు. వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఫసీ, దాన్ని తీసుకెళ్ళి చెత్తలో పడెయ్."

"నాతోని గాదు సార్. మయ్యత్ అది, సచ్చిపోయిన మనిషి. చెత్త గాదు."

"నువ్వు కూడా నాకు చెప్పేవాడివేనా?"

సువార్తరావు తనే లేచాడు. ముంతను నల్ల సంచిలో వేసి మూతి బిగించి, వెనక వాకిట్లో ఉన్న చెత్త డబ్బాలోకి విసిరి చేతులు కడుక్కున్నాడు. కాసేపటికి చెత్త బండి వచ్చి డబ్బా ఖాళీ చేసుకుని పోయింది. పీడ విరగడైంది అనుకున్నాడు.

తిరగ్గొట్టిన దరఖాస్తుకు కారణం రాయాలి కదా అని, అప్పుడు కవరు విప్పాడు.

లోపల నలిగిన నోటుబుక్కు. అట్ట మీద జలంధర్ రాత.

'గంగాప్రసాదన్న పన్నెండేండ్ల సంది డ్యూటీ అయినంక ఆస్పత్రికి పోయి, ఈ దేశంల సచ్చిపోయిన మన తెలుగోళ్లకు తానం పోసి, బట్టలు తొడిగి, పెట్టెల పెట్టి ఇండ్లకు తోలిండు. వీళ్లే ఆయన సుట్టాలు.'

లోపలంతా గంగాప్రసాద్ చేతిరాత. వందకు పైనే పేర్లు. పేరు పక్కన ఊరు, తేదీ, ఒకటి రెండు ముక్కలు. ఆఖరి పేజీలో మూడే పేర్లున్నాయి. వాటి కింద, 'పడవ మునిగింది. దొరకలె. ఇంటికి తోలలేకపోయిన. నేనే ఆళ్ల కాడికి పోవాలె' అని ఉంది.

సువార్తరావు కుర్చీలోంచి లేచాడు.

"ఫసీ, చెత్త బండి ఉందా?"

"ఎప్పుడో గేటు దాటింది సార్."

సరేలే, ఎవరో ఏమో, మనకెందుకు అని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ మాట ఒంటికి పట్టలేదు. ఊరికే ఉండలేక పేజీలు వెనక్కి తిప్పాడు. ఒకచోట వేలు ఆగిపోయింది.

'రాజ్ కిరణ్, వెల్డర్, రాజోలు. కంపెనోళ్లు బట్టలియ్యలె. పండుగకు కొన్న నా కొత్త అంగి తొడిగిన. ఏసును మొక్కేటోడట, బొట్టు పెట్టలె.'

ఆరేళ్ళ కిందట రాజోలులో పెట్టె తెరిచినప్పుడు, చిన్నకొడుకు ఒంటి మీద ఎవరిదో కొత్త చొక్కా నిమురుతూ "ఇది తొడిగిన చేతులు చల్లగుండాలి" అని సుసన్నమ్మ ఏడుస్తుంటే, ఆ తల్లిని పొదివి పట్టుకుని "ఆమేన్" అన్న పెద్దకొడుకు సువార్తరావే.