గరిటెడు చల్ల

దీపాలు పెట్టే వేళ దాటింది. స్టీలు గిన్నెలో గరిటెడు చల్ల పోసి, మూత పెట్టి, బిక్షమ్మ గడప దగ్గరే కూర్చుంది. సాలమ్మ రాలేదు.

రోజూ ఈపాటికి వచ్చి పోయేది. "వదినే, పాలు కాసిన. తోడెయ్యనీకి జర చల్ల పొయ్యి" అని వాకిట్లోంచే కేకేసేది. చల్ల తీసుకుని ఊరికే పోయేది కాదు. "ఏం తిన్నవ్? గోలీలేసుకున్నవా? ఏదీ, జర నడువ్, మోకాలెట్లుందో చూస్త" అని ప్రాణం తీసేది. పోతూ పోతూ వాళ్ల చెట్టు కరివేపాకు రెబ్బ ఒకటి చేతిలో పెట్టేది.

భర్త జానయ్య పోయాక బిక్షమ్మ గడప దాటింది లేదు. ఒక్క మనిషికి పెరుగెందుకని పాలు కూడా మానేద్దామనుకుంది. సాలమ్మ వచ్చి గిన్నె చాపుతుంది గదా అని పోయించుకుంటోంది. పోయించుకున్నందుకు ఇంత అన్నం తింటోంది.

అలాంటి మనిషిని నిన్న నోటికొచ్చినట్టు అనేసింది.

"రోజూ అడుక్కునుడేనా? రేపటి తోడుకింత దాసుకోరాదే? సిగ్గు లేదా నీకు?"

సాలమ్మ నవ్వబోయి, నవ్వలేక, గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది.

ఇక రాదు. రేపూ రాదు. ఊళ్లో తన గడప తొక్కే ఒక్క మనిషినీ తనే తరిమేసుకుంది. బిక్షమ్మ ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో గోడ పట్టుకుని లేచింది. వెనక సందులోని సాలమ్మ ఇంటికి పోయేలోపే మోకాళ్లు మొరాయించి కూలబడింది. "ఎట్ల నోరొచ్చిందే నాకు" అని ఏడుస్తూ మళ్లీ లేచింది.

సాలమ్మ కోడలు కరుణ వాకిట్లోనే ఎదురైంది. చేతిలో ఖాళీ గిన్నె.

"పెద్దమ్మా! నడుసుకుంట వచ్చినవా? నేనే వస్తున్న నీ తానికి."

"సాలమ్మేది బిడ్డా?"

"పొద్దుగాల కండ్లు తిరిగి పడ్డది. దేవరకొండ దవాఖానల ఉన్నది. డాక్టర్లు ఇంకా ఏం చెప్తలేరు."

బిక్షమ్మ పక్కనున్న కరివేపాకు చెట్టును పట్టుకుని నిలబడింది. గుబురుగా ఎదిగిన చెట్టు. మొదట్లో మన్ను పుల్లటి వాసన వేస్తోంది.

"నా మాటలకే పడ్డది. నేనే సంపుకున్న."

"ఏం మాటలు? నాకేం చెప్పలే. ఆటో ఎక్కుతుంటె గూడ ఒకటే పోరు. మాపటికి గిన్నె తీస్కొని బిక్షమ్మొదినె తానికి పో, మరువకు అన్నది. తిన్నదా, గోలీలేసుకున్నదా అడుగుమన్నది."

"నా సంగతి ఇడిసిపెట్టు." బిక్షమ్మ గిన్నె అందించింది. "ముందుగాల గిది పాలల్ల ఎయ్యి. తెల్లారెవరకు పెరుగైతది. ఆమెకు దవాఖానకు పంపుదాం."

కరుణ గిన్నె అందుకుంది. లోపలికి మాత్రం పోలేదు. కరివేపాకు చెట్టు మొదట్లోకి చూసింది.

"మా ఇంట్ల పాలే పోయించుకోం పెద్దమ్మా."