ఒక అడుగు ముందు

సీసాలో మసక విరిగి తేటపడింది. అంటే ఈసారి వైరస్ గెలిచింది. పాప తండ్రికి ప్రాణం లేచొచ్చింది.

ఏ మందుకీ లొంగని బాక్టీరియా ఒకటి పాప ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసింది. దానికి ఆయన పెట్టిన పేరు మొండిఘటం. బాక్టీరియాని చంపే వైరస్‌లని ల్యాబులో పెంచడమే ఆయన ఉద్యోగం. పాప కఫంలోంచి తీసిన మొండిఘటాన్నీ, వైరస్‌నీ ఒకే సీసాలో వేసి పోట్లాట పెట్టేవాడు. వైరస్ చాలావాటిని చంపేది. చావగా మిగిలినవి తీరు మార్చుకుని మళ్ళీ పెరిగేవి. వైరస్ మాత్రం ఊరుకుంటుందా, తనూ మారి వెంటపడేది. రెండూ రాటుదేలిపోయాయి.

కానీ సీసాలో గెలిచిన వైరస్ పాప ఒంట్లో ఓడిపోయేది. అక్కడ మొండిఘటం ఎప్పుడూ ఒక అడుగు ముందే. పాప రోజురోజుకీ నీరసిస్తోంది. ఇక ఇదే ఆఖరి ఆశ అని డాక్టరమ్మ చెప్పేసింది.

"సార్, ఆ కళ్ళజోడు జారిపోతోంది. తాడేసి కట్టుకోండి," అంది పక్క బల్ల దగ్గరి అమ్మాయి.

ఆయనకి నవ్వే ఓపిక లేదు. గ్లవ్స్ వేలితోనే పైకి తోసుకుని, వైరస్‌ని జాగ్రత్తగా వడగట్టాడు. గ్లవ్స్ తీసేసి, మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, ఆసుపత్రికి పరుగెత్తాడు.

పాప మంచమ్మీంచే చెయ్యి చాపింది. "నాన్నా, ఇవ్వవా?"

రోజూ ఉండే ఆటే. కళ్ళజోడు పెట్టుకుని, మూతి బిగించి, అచ్చం నాన్నలా "ఊఁ, చూద్దాం" అంటుంది. ఇవాళ మాట సగంలోనే దగ్గు తెర కమ్మింది.

డాక్టరమ్మ లోపలికొచ్చి గొంతు తగ్గించింది.

"మీరు తెచ్చే వైరస్ ప్రతిదీ కొత్తదే. కానీ ఎక్కించకముందే, దానికి చావని బాక్టీరియా పాపలో ఉంటోందండీ."

"ఎలా ఉంటుంది? ఆ వైరస్ నా సీసా దాటి బయటికే రాలేదు!"

"అందుకే పాపలోవీ, మీ సీసాలోవీ పోల్చి చూశాం. అవి మీ సీసాలో బతికి బయటపడ్డవే. మీతోనే వస్తున్నాయి."

"నాతోనా? మందు వడగట్టి తెస్తాను. చేతులు కడుక్కోనిదే ఈ తలుపు కూడా ముట్టను!"

ఉక్రోషంతో, అలవాటు కొద్దీ కళ్ళజోడు పైకి తోసుకోబోతే వేలికి ఒట్టి ముక్కే తగిలింది: కళ్ళజోడు పాప ముఖం మీద ఉంది.