మహానంద నడక

"పిల్ల ఎప్పట్నుంచి తూలుతోంది?" హైదరాబాదు దవాఖానలో పెద్ద డాక్టరు, చేతిలో తలకాయ ఫొటో పట్టుకుని అడిగాడు.

"పది దినాల సంది సార్," అన్నాడు కల్లప్ప. నారాయణఖేడ్‌లో మా పక్కింటివాడు. తోడు రమ్మంటే వచ్చాను.

ఎనిమిదేళ్ల మహానంద తండ్రి ఒడిలోంచి తలెత్తి నన్ను చూపించింది. "కాదు సార్, దసరా సంది. కాక నా లెక్క నడిచి అందర్ని నవ్విస్తడు."

డాక్టరు నావైపు తిరిగాడు. "ఏదీ, నడువు."

చదువు నాలుగో తరగతి దాటకపోయినా, ఎవరి నడకైనా ఒక్కసారి చూస్తే అచ్చం దించేస్తాను. దసరాకు మహానంద ఎడమకాలు కొంచెం పక్కకు పడేది. ఉగాదికి కల్లు దుకాణంలోంచి వస్తున్నట్టు రెండు కాళ్లూ ఎడంగా పడేవి. రెండూ నడిచి చూపించాను. బజారులో దీనికే జనం పొట్ట పట్టుకునేవాళ్లు.

డాక్టరు నవ్వలేదు. "మెదడు వెనకాల గడ్డ. రేపు ఆపరేషన్ చేస్తాం, కానీ మొత్తం రాదు. దసరాకు చిన్నగా ఉండేది, అప్పుడే తెస్తే పూర్తిగా తీసేవాళ్లం. అప్పట్లో ఎవరూ చూడలేదా?"

కల్లప్ప తల అడ్డంగా ఊపాడు.

"కాక చూసిండు సార్," నన్ను వెనకేసుకొచ్చింది మహానంద. "కాక ఒక్కడే చూసిండు."