వెనక పిస్టన్

బావమరిది సొంతంగా మోటార్‌సైకిల్ ఇంజిన్ తయారుచేస్తున్నాడంటే టర్నరు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా లేతు మీద అందరి ఇనప ముక్కలూ తిప్పింది తను. నిన్నగాక మొన్న స్పానరు పట్టి, రెండు పాత సిలిండర్లను V ఆకారంలో నిలబెట్టి, పేరు కొట్టేసింది వాడు.

"వెనక పిస్టన్ ఒక్కటే బిగించాలి బావా. రేపు మొదటి కిక్ నువ్వే కొట్టాలి," అన్నాడు సాయంత్రం. ఇంజిన్ ఎలా పలుకుతుందో బల్ల మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. డుగ్ డుగ్. కాస్త ఆగి, మళ్ళీ డుగ్ డుగ్. "మొదటి దెబ్బ ముందుది, రెండోది వెనకది."

ఆ మర్యాదే టర్నరును మరీ మండించింది.

అర్ధరాత్రి, వాడు నమ్మి ఇచ్చిన తాళంచెవితోనే షెడ్డు తెరిచాడు. బల్ల మీది పిస్టన్‌ను గుడ్డలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది గుండెకు చల్లగా తగిలింది. మళ్ళీ తాళం వేసి నడక సాగించాడు.

పదడుగులు వేశాడో లేదో, డుగ్ డుగ్.

ఆగాడు. వీధిలో నరపురుగు లేదు. ఇంజిన్‌లో చుక్క పెట్రోలు లేదు. పైగా ఒక్క పిస్టన్‌తో జంట దెబ్బ రానే రాదు. ఆ సంగతి తనకు తెలియనిదా?

వెనక్కి వెళ్ళి షెడ్డు తలుపుకు చెవి ఆనించాడు.

డుగ్ డుగ్.

లోపలి నుంచి వస్తున్నది మొదటి దెబ్బే. రెండోది జేబులో పడుతోంది. గుడ్డ వేడెక్కుతోంది.